కుక్కకు తాయిలం: ఒట్టి మాంసం ముక్క చాలు

ఆదివారం పొద్దున చికెన్ కొట్టు ముందు నిలబడితే ఇప్పుడు ఒక కొత్త మాట వినిపిస్తోంది. "అన్నా, మాకు కిలో. కార్జం పావుకిలో వేరే కవర్లో కట్టు, కుక్కకి." కొట్టతను తలెత్తకుండానే "కందనకాయలు కూడా వెయ్యనా?" అంటాడు. మా చిన్నప్పుడు ఈ బేరం లేదు. కుక్కకి మిగిలిన అన్నం, కూర వండిన రోజున ఎముకలు, అంతే. ఇప్పుడు అదే వీధి చివర పెట్ షాపులో గోడ పొడవునా ప్యాకెట్లు వేలాడుతున్నాయి. చికెన్ స్టిక్స్, జెర్కీ, మంచింగ్ బోన్, పంది చెవులు. చాలావాటి మీద 'నేచురల్' అనే ముద్ర. డెబ్బై గ్రాముల ప్యాకెట్ ఖరీదుకి చికెన్ కొట్టులో ఇంచుమించు కిలో కార్జం వస్తుంది.

ఈ రెండు కొట్ల మధ్య తటపటాయించే మిత్రులు నన్ను తరచూ అడుగుతుంటారు, ఏది పెట్టాలని. ఇంట్లో ఏళ్ల తరబడి కుక్కలతో బతికిన మనిషిగా, ఈ విషయం మీద దొరికినంత చదివిన మనిషిగా నా మాట ముందే చెప్పేస్తాను. ఒక్క జంతువు మాంసం, ఉప్పూ నూనే మసాలా తగలకుండా బాగా ఉడికించి, చింతగింజంత ముక్కలు చేసి, లెక్క చూసుకుని పెడితే అంతకు మించిన తాయిలం ఏ ప్యాకెట్లోనూ లేదు. ఆ మాటలో ఒక్కొక్క షరతు ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ట్రీట్ అనే దాన్ని నేను తాయిలం అనే అంటాను. బడికి వెళ్లనని మారాం చేసే పిల్లాడి చేతిలో బెల్లం ముక్క పెట్టినట్టు, పిలవగానే వచ్చినందుకో, గోళ్లు కత్తిరిస్తుంటే ఓర్చుకున్నందుకో కుక్క నోట్లో పెట్టేది తాయిలం. కడుపు నింపే పని దానిది కాదు. ఈ తేడా మరిచిపోయిన ఇళ్లలోనే కుక్కలు గుమ్మడికాయల్లా తయారవుతున్నాయి.

కొట్లో అమ్మే కుక్క తిండి మొదలైంది బిస్కెట్‌తోనే. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్‌లో గోధుమపిండి, కూరగాయలు, మాంసం కలిపి కుక్కల బిస్కెట్ చేసి అమ్మాడు. 1908లో అమెరికాలో మిల్క్‌బోన్ వచ్చింది. పిండి కలిసిందని బిస్కెట్‌ని విషంలా చూడనక్కర్లేదు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేలు కంటే కుక్కలో చాలా ఎక్కువగా ఉంటాయని 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. మనిషి పంచన చేరి మనిషి తిండికి అలవాటు పడ్డ జంతువు అది. పెరుగన్నం తిని పదిహేనేళ్లు బతికిన ఊరకుక్కలు మనకు తెలియనివి కావు.

మరి మాంసమే ఎందుకు? వాసన కోసం. మన నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 9,000 ఉంటే కుక్క నాలుక మీద 1,700 దాకా ఉంటాయి. ఆ లోటుని ముక్కు తీరుస్తుంది. పార్కులో పిల్లులూ, వేరే కుక్కలూ, సైకిళ్లూ ఉన్నచోట "రా" అని పిలిచి చేతిలో బిస్కెట్ చూపించండి, ఒకసారి చూసి తల తిప్పుకుంటుంది. వేయించిన కార్జం ముక్క అయితే చెయ్యి జేబులోకి పోగానే తెలిసిపోతుంది. తోక ఆగుతుంది, చెవులు ముందుకి వస్తాయి, కళ్లు మీ మోచేతి మీదే ఉంటాయి. ముక్క ఎంత పెద్దదన్నది దానికి పట్టదు. చింతగింజంత పెట్టినా, గుడ్డంత పెట్టినా అది లెక్కించేది 'ఒక్కసారి ఇచ్చారు' అనే. అందుకే చిన్న ముక్కలు, ఎక్కువసార్లు.

ఇక ప్యాకెట్ల సంగతి. దీని గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఎందుకంటే 'ఒకటే పదార్థం, అదీ మాంసం' అన్న సూత్రం మంచిదే అయినా, అది ఒక్కటే చాలదని చూపించిన పెద్ద ఉదంతం ఒకటుంది.

2007లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకి ఫిర్యాదులు రావడం మొదలైంది. కోడిమాంసం జెర్కీ తిన్న కుక్కలు వాంతులు చేసుకుంటున్నాయి, నీళ్లు తెగ తాగుతున్నాయి, కొన్నిటి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. రక్తంలో చక్కెర మామూలుగానే ఉన్నా మూత్రంలో చక్కెర పడుతోంది. పశువైద్యులు దాన్ని ఫాంకోనీ తరహా జబ్బుగా గుర్తించారు. సాధారణంగా పుట్టుకతో కొన్ని జాతులకే వచ్చే ఈ జబ్బు రకరకాల కుక్కల్లో కనిపించడం వాళ్లని కలవరపెట్టింది. 2015 చివరి నాటికి దాదాపు 5,200 ఫిర్యాదులు, జబ్బుపడిన కుక్కలు 6,200కి పైగా, చనిపోయినవి 1,140కి పైగా అని ఆ సంస్థ లెక్క చెప్పింది. తిన్నవాటిలో ఎక్కువ భాగం చైనా నుంచి దిగుమతైన కోడి, బాతు, చిలగడదుంప జెర్కీలు. లోహాలు, పురుగుమందులు, బూజు విషాలు, సూక్ష్మజీవులు, అన్నిటికీ పరీక్షలు చేశారు. అసలు కారణం ఇదీ అని తేల్చలేకపోయారు. 2013 జనవరిలో న్యూయార్క్ రాష్ట్ర వ్యవసాయ శాఖ ప్రయోగశాల కొన్ని ప్యాకెట్లలో అనుమతి లేని యాంటీబయాటిక్ అవశేషాలు పట్టుకుంది. పెద్ద కంపెనీలు ఆ సరుకు వెనక్కి తీసుకున్నాయి, ఆ తర్వాత ఫిర్యాదులు తగ్గాయి. యాంటీబయాటిక్‌లే చంపాయని మాత్రం ఎవరూ నిరూపించలేదు.

ఆ ప్యాకెట్లలో చాలావాటి వెనక రాసి ఉన్న పదార్థాల పట్టీ చిన్నదే. కోడిమాంసం, మహా అయితే మెత్తగా ఉంచడానికి గ్లిజరిన్. పట్టీ చిన్నదైతే సరుకు మంచిదని నమ్మిన యజమానులే ఆ కుక్కల్ని పోగొట్టుకున్నారు. పట్టీలో ఏముందో చదవడం ఎంత అవసరమో, ఆ మాంసం ఎక్కడిది, ఎవరు ఎండబెట్టారు, ఎవరు పరీక్షించారు అని అడగడం అంత అవసరం. ఆ మూడు ప్రశ్నలకీ మీ వంటింట్లో మాత్రమే పూర్తి జవాబు దొరుకుతుంది. నేను ఇంటి తాయిలం వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే.

ప్యాకెట్ మీది మాటల్ని చదవడం కూడా ఒక విద్య. అమెరికాలో ఆఫ్కో అనే సంఘం పెట్టిన నామకరణ నియమాలు ఆ దేశపు సరుకు మీద కనిపిస్తాయి. పేరులో ఉత్త 'చికెన్' అని ఉంటే కలిపే నీళ్లు తీసేసిన లెక్కన కోడి 95 శాతం ఉండాలి. 'చికెన్ డిన్నర్' అంటే 25 శాతం చాలు. 'విత్ చికెన్' అంటే 3 శాతం. 'చికెన్ ఫ్లేవర్' అంటే వాసన తెలిస్తే చాలు. ఒక్క చిన్న మాట మారితే 95 కాస్తా 3 అయిపోతోంది చూడండి. ఇంకో మెలిక ఉంది. పదార్థాల్ని బరువు క్రమంలో రాస్తారు, ఆ బరువు నీళ్లతో సహా. పచ్చి కోడిమాంసంలో ముప్పాతిక వంతు నీళ్లే. పట్టీలో మొదట కోడి, తర్వాత గోధుమపిండి అని ఉన్న బిస్కెట్ ఎండిపోయాక అందులో పిండిదే పైచేయి కావచ్చు.

మన దేశంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రధానంగా మనుషులు తినే ఆహారం కోసం చేసినది. కుక్కల తిండికి భారతీయ ప్రమాణాల సంస్థ రాసిన ప్రమాణం ఉన్నా, ప్రతి చిన్న ప్యాకెట్‌నీ పట్టి పరీక్షించే యంత్రాంగం మనకు కొట్టుల్లో కనిపించదు. తయారైన చోటు, తేదీ, కంపెనీ చిరునామా, ప్రొటీన్ కొవ్వు తేమ శాతాలు, ఇవి లేని ప్యాకెట్ ముట్టుకోకండి. పెద్ద సంచీలోంచి తీసి విడిగా తూచి ఇచ్చే స్టిక్స్, చెవులు అసలే వద్దు. 2019లో అమెరికాలో పంది చెవుల తాయిలాల వల్ల 34 రాష్ట్రాల్లో 154 మంది మనుషులకు సాల్మొనెల్లా సోకింది. తిన్నది కుక్కలు, జబ్బుపడింది వాటికి పెట్టిన చేతులు.

మాంసాన్ని ఎండబెట్టి దాచుకోవడం మనకేం కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లో వట్టి తునకలు తెలియని ఇల్లుండదు. పండక్కో జాతరకో కోసిన యాట మాంసాన్ని పొడవాటి పేలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఆరేసి, రోజులు రోజులు ఎండలో పెడతారు. ఇంగ్లీషులో జెర్కీ అంటే అదే. మరి అవే కుక్కకి పెట్టొచ్చుగా అంటే, ఉప్పు అడ్డం వస్తుంది. తునకల్ని కుళ్లకుండా కాచేది ఆ ఉప్పే, కుక్కకి అంత ఉప్పు కూడదు. ఉప్పు మానేసి ఎండబెడితే కాచేవాడు లేని చేనులా అవుతుంది, ముఖ్యంగా కోస్తా ఉక్కపోతలో. అందుకని ఉప్పు లేని తునకలకి సెగ తప్పనిసరి. ఎండబెట్టడానికి ముందే కోడిమాంసం లోపలి వేడి 74 డిగ్రీలు, మేక గొర్రె మాంసానికి 71 డిగ్రీలు దాటాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. ముందు ఎండితే సూక్ష్మజీవులు వేడికి రాటుదేలిపోతాయి, తర్వాత కాల్చినా చావకపోవచ్చు.

మా ఇంట్లో చేసేది ఇలా. కోడి కార్జం పావుకిలో కడిగి, ఆకుపచ్చ పైత్యపు మరక ఉన్న చోటల్లా కోసి పారేస్తాం. నీళ్లు మరిగాక వేస్తే బూడిదరంగు నురగ పొంగుతుంది, గరిటతో తీసేస్తాం. పది పదిహేను నిమిషాలు ఉడికాక ఒక ముక్క కోసి చూస్తే మధ్యలో ఎరుపు మిగలకూడదు. చల్లారాక చింతగింజలంత ముక్కలు చేసి, ఓవెన్ ఉంటే వంద డిగ్రీల దగ్గర గంటన్నర, లేకపోతే ఇనప పెనం మీద సన్న సెగన కదుపుతూ పైన తడి ఆరేదాకా. ఇల్లంతా వాసన. మా కుక్క రాణి వంటింటి గడప మీద గడ్డం ఆనించి, నిద్ర పోతున్నట్టు నటిస్తూ ఒక కన్ను తెరిచే ఉంచుతుంది. ముక్కలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు. ఉడికిన నీళ్లు పారబోయం, దాని అన్నంలో కలుపుతాం. తోలు తీసిన కోడి రొమ్ము, కందనకాయ, గుండెకాయ, దేనికైనా ఇదే పద్ధతి. ఉల్లి, వెల్లుల్లి మాత్రం ఆ గిన్నె దరిదాపులకి రాకూడదు. అవి కుక్క ఎర్ర రక్తకణాల్ని చిట్లగొడతాయి. మన కూరలో ముక్క కడిగి పెడితే సరిపోతుందనుకునేవాళ్లున్నారు, కడిగినా ఉల్లి సారం ముక్కలోనే ఉంటుంది.

కార్జం రుచిలో రాజు, మోతాదులో మాత్రం ఔషధంలా వాడాలి. అందులో విటమిన్ ఏ విపరీతంగా ఉంటుంది, నెలల తరబడి రోజూ గిన్నెడు పెడితే ఎముకలు పట్టేస్తాయి. గొర్రె కార్జంలో రాగి కూడా ఎక్కువ, 100 గ్రాముల్లో దాదాపు 7 మిల్లీగ్రాములు. కోడి కార్జంలో అర మిల్లీగ్రామే. లాబ్రడార్, డాబర్‌మన్ జాతుల్లో కాలేయంలో రాగి పేరుకునే జబ్బు ఉంది కాబట్టి ఆ కుక్కలకి కోడి కార్జమే మేలు, అదీ వారానికి రెండు మూడు రోజులు. మిగతా రోజులు కోడి రొమ్ము.

ఎంత పెట్టాలి అన్నదానికి ప్రపంచ పశువైద్య సంఘాలు ఒప్పుకునే గీత ఒకటుంది. రోజు మొత్తం కేలరీల్లో తాయిలాలది పదో వంతు దాటకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పది కిలోల మామూలు కుక్కకి రోజుకి సుమారు 630 కేలరీలు కావాలి. పదో వంతు 63. ఉడికిన కోడి రొమ్ములో 100 గ్రాములకి 165 కేలరీలు కనుక అది 38 గ్రాములు, చింతగింజ లెక్కన ముప్పై నలభై ముక్కలు. ముప్పై కిలోల లాబ్రడార్‌కి 85 గ్రాముల దాకా. అదే మాంసం ఎండిందనుకోండి, నీళ్లు పోయి కేలరీలు చిక్కబడతాయి. అదే 63 కేలరీలకి జెర్కీ పదిహేను, పద్దెనిమిది గ్రాములకే సరి. చేతిలో తేలిగ్గా ఉందని నాలుగు స్టిక్స్ తినిపించేవాళ్లు ఇక్కడే మోసపోతున్నారు. పెట్టిన తాయిలం మేరకి గిన్నెలో అన్నం తగ్గించాలి.

లాబ్రడార్ యజమానులకి విడిగా ఒక మాట. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆ జాతిలో సుమారు నాలుగో వంతు కుక్కల్లో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉందని, వాటికి ఆకలి తీరడమే తక్కువని తేల్చారు. మీ కుక్క చూపులు నిజంగా ఆకలి చూపులే, అయినా దానికి తిండి అవసరం లేదు. 48 లాబ్రడార్ల మీద 14 ఏళ్లు సాగి 2002లో వెలువడిన అధ్యయనంలో, పావు వంతు తిండి తక్కువ తిన్న కుక్కలు మిగతావాటికంటే దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. ఆ రెండేళ్లూ యజమాని చేతిలోనే ఉన్నాయి.

నమిలే వస్తువుల గురించి నాకు చేదు అనుభవం ఉంది. రాణి కంటే ముందు మా ఇంట్లో ఉన్న కుక్కకి ఉడికిన నల్లి ఎముక ఇచ్చాం, అందరిలాగే. సాయంత్రానికి పై దవడ పెద్ద పన్ను పక్కకి పలకలా విరిగింది. మత్తిచ్చి పీకించాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నియమం ఒకటే, బొటనవేలి గోరు గుచ్చితే నొక్కు పడని వస్తువు కుక్క నోటికి పోదు. ఉడికిన ఎముకతో ఇంకో ప్రమాదం ఉంది, సూదుల్లా చీలి పేగుల్లో దిగుతుంది. ప్యాకెట్‌లో వచ్చే కాల్చిన 'బోన్ ట్రీట్'ల మీద కూడా 2017లో ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది, 90 కుక్కలు జబ్బుపడితే పదిహేను దాకా చనిపోయాయి. తెల్లటి రాహైడ్ ఎముక పశువు తోలు, మాంసం అనుకుని కొనకండి. బుల్లీ స్టిక్ మాత్రం మాంసమే, ఎద్దు జననాంగాన్ని ఎండబెట్టినది. అంగుళానికి 9 నుంచి 22 కేలరీలు ఉన్నట్టు 2013లో కొలిచారు, చిన్న కుక్కకి ఒక్క స్టిక్‌తో తాయిలాల కోటా అయిపోతుంది.

ఒంటిమీద దురదలు, చెవుల్లో మాటిమాటికీ చీము ఉన్న కుక్కకి ఒక్క జంతువు మాంసమే పెట్టడం వల్ల ఇంకో లాభం ఉంది, ఏది పడటం లేదో తెలుస్తుంది. తిండి పడని కుక్కల మీద వచ్చిన అధ్యయనాల్ని 2016లో కూర్చి చూస్తే మొదట పశుమాంసం, తర్వాత పాలు, కోడి, గోధుమ వచ్చాయి. కోడి పడకపోతే మేకమాంసమో చేపో. క్లోమం వాచిన కుక్కకి, మూత్రపిండాలు చెడిన కుక్కకి ఈ వ్యాసం చూసి ఏమీ పెట్టకండి, డాక్టరుగారిని అడగండి. మాంసం ఇంట్లోకి రాని కుటుంబాలు కుక్క కోసం మొహమాటపడనక్కర్లేదు. ఉడికిన గుడ్డు ముక్క, అదీ కాదంటే ఉప్పులేని పనీర్ దాదాపు అంత పనీ చేస్తాయి.

చివరగా పచ్చిమాంసం. 1993లో ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు రాసిన పుస్తకం నుంచి పచ్చిమాంసం, పచ్చి ఎముకల వాదం ప్రపంచమంతా పాకింది. తోడేలు వండుకుని తిందా అనే ప్రశ్న బలంగానే వినిపిస్తుంది. వాళ్లు పెట్టే శ్రద్ధని నేను గౌరవిస్తాను. కానీ ఉడికిస్తే పోయే పోషకాలు కొంచెమే, ఉడికించకపోతే ఇంట్లోకి వచ్చే సాల్మొనెల్లా పిల్లల చేతుల దాకా వస్తుంది. అమెరికా పశువైద్య సంఘం 2012లోనే పచ్చిమాంసం వద్దని తీర్మానించింది. ఫ్రీజ్‌డ్రై చేసినంత మాత్రాన క్రిములు చావవు, నిద్రపోతాయంతే.

మన దగ్గర దీనికి ఇంకో ముప్పు తోడైంది. గొర్రెల ఊపిరితిత్తుల్లో, కార్జంలో నీటితిత్తులు కనిపిస్తే కటికవాళ్లు ఆ భాగం కోసి వీధికుక్కకి విసిరేస్తారు. ఆ తిత్తుల్లో ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లలుంటాయి. కుక్క పేగుల్లో అవి మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల పురుగులవుతాయి, గుడ్లు మలంలో పడతాయి, దాని బొచ్చుకి అంటుకుంటాయి. నిమిరిన చెయ్యి కడుక్కోకుండా అన్నం తింటే మన కార్జంలో తిత్తి మొదలవుతుంది, ఏళ్ల తరబడి పెరిగి చివరికి ఆపరేషన్ దాకా తెస్తుంది. ఈ హైడాటిడ్ జబ్బు దేశంలో ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఐస్‌లాండ్ 19వ శతాబ్దంలో మొదలుపెట్టిన పట్టుదలతో ఈ పురుగుని తుడిచిపెట్టింది. న్యూజిలాండ్ 2002లో ఆ స్థాయికి చేరింది. రెండు చోట్లా చేసినవాటిలో ముఖ్యమైనవి రెండు, కుక్కలకి పచ్చి పేగులూ కార్జాలూ పెట్టడం మాన్పించడం, క్రమం తప్పకుండా నట్టల మందు వేయించడం. అరగంటకు పైగా మరిగిస్తే ఆ తిత్తిలోని పురుగు చస్తుంది.

ఈ ఆదివారం కార్జం కట్టించుకునేటప్పుడు మీ మటన్ కొట్టతనికి కూడా ఒక మాట చెప్పండి. తిత్తులున్న ముక్కని పూడ్చెయ్యమనండి, కుక్కకి పెట్టాలనిపిస్తే మంచి ముక్క ఉడికించి పెట్టమనండి. మీ ఇంటి కుక్కకి మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మాత్ర వేయించండి.